గడియారం కొలిచేది కాలాన్నేనా?

కీ ఇచ్చి నడిపే రష్యన్ క్రోనోగ్రాఫ్ వాచీల్లో బాగా పేరున్నవి ‘పొల్యోత్ 3133’ యంత్రంతో నడిచేవి. స్విస్ వాల్జూ 7734 నమూనా ఆధారంగా మాస్కోలోని మొదటి గడియారాల కర్మాగారం ఈ యంత్రాన్ని 1976 నుంచి తయారుచేసింది. సోవియట్ వైమానికులు, నావికులు ఈ వాచీలు వాడారు. స్విస్ వాచీలతో పోలిస్తే వీటి వెల తక్కువ. ఇలాంటి వాచీ కట్టుకున్నవాడు కాలాన్నే కొలుస్తున్నాడా, మరొకదాన్ని కొలుస్తున్నాడా అన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్న.

ఈ యంత్రంలోని బ్యాలెన్స్ చక్రం గంటకు 21,600 సార్లు, అంటే సెకనుకు 6 సార్లు కొట్టుకుంటుంది. పై మీట నొక్కితే మధ్యనున్న సన్నటి ముల్లు కదులుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది మీట నొక్కగానే లోపల చిన్న సుత్తి గుండె ఆకారపు బిళ్లను తాకుతుంది, ముల్లు చటుక్కున సున్నాకు చేరుతుంది. ముల్లు వెనక్కి వచ్చినా గడిచిన నిమిషం రాదు. యోగ సంప్రదాయం మనిషి శ్వాసలు రోజుకు 21,600 అంటుంది: 60 ఘడియలు, ఘడియకు 360. సంఖ్య కలవడం యాదృచ్ఛికమే అయినా పద్ధతి ఒక్కటే. రెండుచోట్లా లెక్కకు అందుతున్నది కదలిక.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో కాలాన్ని తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటిగా చెప్పాడు. గతం, వర్తమానం, భవిష్యత్తు అనే వ్యవహారానికి అదే హేతువు; అది ఒక్కటే, సర్వవ్యాపి, నిత్యం. క్షణం, దినం, మాసం అన్న విభాగాలు సూర్యగతి వంటి ఉపాధుల (బయటి నిమిత్తాల) వల్ల ఏర్పడతాయని న్యాయ వైశేషికుల మతం. కాలం ఈశ్వరుడి కంటే వేరు కాదని నవ్యన్యాయ పండితుడు రఘునాథ శిరోమణి వాదించాడు. ఏ పక్షం తీసుకున్నా విభజన మన లెక్కలోనిదే.

గడియారపు లెక్కకూ సూర్యగతికీ ఉన్న తేడా ఒమన్‌లోని సోహార్‌లో కళ్లకు కడుతుంది. ఒమన్ గడియారం 60 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. సోహార్ దానికి మూడు డిగ్రీలకు పైగా పడమర. అందువల్ల అక్కడ అసలైన మధ్యాహ్నం సగటున 12 గంటల 13 నిమిషాలకు అవుతుంది, ఏడాది పొడవునా సుమారు అరగంట పరిధిలో జరుగుతూ ఉంటుంది. మసీదుల్లో జుహర్ నమాజు వేళకు ఆ సూర్యుడే ఆధారం. అక్కడి తెలుగువారి పంచాంగానికీ అంతే. తిథి ముగిసే క్షణం లోకమంతటా ఒక్కటే; భారత కాలంలోంచి గంటన్నర తీసేస్తే సోహార్ సమయం వస్తుంది. అయితే సూర్యోదయం తెలుగునాట కంటే బాగా ఆలస్యం కాబట్టి, ఉదయాన ఉండే తిథి ఒక్కోసారి మారిపోతుంది. హైదరాబాద్‌కు గుణించిన పంచాంగం అక్కడ యథాతథంగా చెల్లదు.

కీ ఇవ్వకపోతే వాచీ రెండు రోజుల్లోపే ఆగిపోతుంది, కాలం ఆగదు. వాచీ ఒకరి సొత్తు కావచ్చు, కాలం ఎవరి సొత్తూ కాదు. ఎంత ఖరీదైన వాచీ కొన్నా ఈ మాట మారదు గనుక, చవక వాచీతో తృప్తిపడటం అపరిగ్రహానికి దగ్గరి దారి. సెకన్ల లెక్క దానికి అప్పగించి, సంధ్యకూ వ్రతానికీ సోహార్‌లో ఉన్నవారు అక్కడి సూర్యుణ్ణే ప్రమాణంగా తీసుకోవాలి.