జుట్టు ఆమెది, కొలబద్ద ఎవరిది?

అమెరికాలోని నల్లజాతి స్త్రీ బిగువుగా మెలికలు తిరిగి పెరిగే తన జుట్టును అలాగే ఉంచుకోవాలా, మందు పెట్టి సాపు చేయించుకోవాలా అన్న వాదన నూరేళ్లకు పైగా సాగుతోంది. సాపు చేయించుకుంటే తెల్లవాళ్ల అందాన్ని నెత్తిన పెట్టుకున్నట్టేనని ఒకరంటారు. నా తల, నా ఇష్టం అని మరొకరంటారు. రెండూ సబబుగానే వినిపిస్తాయి. కానీ రెండింటిలోనూ సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ స్త్రీయే. ఆమె జుట్టు తక్కువరకమని మొదట తేల్చినవాళ్లను ఎవరూ పిలిచి అడగరు.

లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు, 1786లో, గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు వేశాడు. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీలు జుట్టును అలంకరించుకుని వీధిలోకి రాకూడదు, తలకు గుడ్డ చుట్టుకోవాలి. బానిస స్త్రీలు పనిలో చుట్టుకునే గుడ్డ అది. సంకెల పోయినా గుర్తు పోకూడదన్నమాట. మూతికి ముంత, నడుముకు తాటాకు అన్న చరిత్ర మోసుకొచ్చిన మనకు ఈ ఉత్తర్వును ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అక్కడి స్త్రీలు మాత్రం రంగురంగుల ఖరీదైన గుడ్డలు తెచ్చి, నగలు గుచ్చి, దాన్నే ఒక సింగారంగా మార్చేశారు.

ఆ లూసియానాలోనే 1867లో సారా బ్రీడ్‌లవ్ పుట్టింది. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవారు. ఆ ఇంట స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ ఈమె. బట్టలుతికి పొట్ట పోసుకుంది. తన జుట్టు రాలిపోతుంటే మందు వెతుక్కుని, దాన్నే వ్యాపారం చేసి, మేడమ్ సి.జె. వాకర్‌గా పేరు పొందింది. వేలాది నల్లజాతి స్త్రీలకు చాకిరీ తప్పించి, ఏజెంట్లుగా సొంత సంపాదన చూపించింది. కాల్చిన దువ్వెనతో జుట్టు సాపు చేసే పద్ధతి ఆమె పాపమేనని ఇప్పటికీ తిట్టేవారున్నారు. ఆ దువ్వెన ఆమె కనిపెట్టింది కాదు. నాకైతే ఆమెను తిట్టబుద్ధి కాదు.

దువ్వెన తర్వాత మందులు వచ్చాయి. వాటిలో చాలాకాలం ప్రధానమైనది సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా. వెంట్రుకకు మెలిక ఇచ్చే గంధకపు బంధాలను అది తెంచేస్తుంది. నెత్తి కాలుతుంది, ఒక్కోసారి పుండ్లు పడతాయి. కొత్తగా పెరిగే జుట్టు మళ్లీ మెలికలతోనే వస్తుంది కనుక కొన్ని వారాలకొకసారి మళ్లీ పెట్టించుకోవాలి. 33 వేలకు పైగా అమెరికా స్త్రీలను సుమారు 11 ఏళ్లు గమనించి అక్కడి ప్రభుత్వ పరిశోధకులు 2022లో ఒక నివేదిక ప్రచురించారు. జుట్టు సాపు చేసే మందులను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్, అసలు వాడనివారికంటే రెట్టింపుకు మించి కనిపించింది. మందే కారణమని ఒక్క అధ్యయనంతో తేలిపోదు. కానీ ఆ మందులు ఎక్కువగా వాడేది, చిన్న వయసులోనే మొదలుపెట్టేది నల్లజాతి స్త్రీలే.

మందు వద్దనుకుంటే సవరాలున్నాయి. ఇక్కడ మన రాష్ట్రం కూడా వస్తుంది. తిరుమలలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులుగా, సవరాలుగా అమెరికా దాకా వెళతాయి. క్రిస్ రాక్ 2009లో తీసిన 'గుడ్ హెయిర్' డాక్యుమెంటరీ ఈ దారినంతా చూపించింది. తనకు మంచి జుట్టు ఎందుకు లేదని అతని చిన్న కూతురు అడగడమే ఆ సినిమాకు మూలం. ఆ పసిపిల్లకు 'మంచి' అన్న మాట ఎవరు నేర్పారు?

2010లో అలబామా రాష్ట్రంలోని మొబిల్‌లో ఒక నల్లజాతి యువతికి కాల్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. జడలు కట్టిన జుట్టు తీసేయమన్నారు. తీయనంది. ఉద్యోగం పోయింది. ఫోనులో మాట్లాడే పనికి జుట్టుతో ఏం పనో మరి. 2016లో అప్పీలు కోర్టు కంపెనీనే సమర్థించింది. చర్మం రంగు మార్చుకోలేనిది, కేశాలంకరణ మార్చుకోగలిగినది, కనుక ఇది జాతి వివక్ష కాదని దాని తర్కం. మార్చుకోగలవు కనుక మార్చుకో! ఇంటిపేరు దాచుకోమని, యాస దిద్దుకోమని, తినే తిండి బయట చెప్పొద్దని మనకు చెప్పేవాళ్ల తర్కమూ ఇదే కదా. 2019లో కాలిఫోర్నియా మొదటగా జుట్టు వివక్షను నిషేధిస్తూ క్రౌన్ చట్టం తెచ్చింది. తర్వాత పలు రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో దిగువసభ దాటింది కానీ సెనేట్‌లో ఆగిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన స్త్రీలతో ఏమన్నారు? అంటరానివారని చూడగానే తెలిసిపోయే కట్టు, మోటు నగలు వదిలేసి, పైకులాల స్త్రీలలాగే చీర కట్టమన్నారు. అది అనుకరణా? కాదు. తమకు నిషేధించినదాన్ని వారు ధరించారు, తమపై రుద్దిన గుర్తును పారేశారు. అయితే జుట్టు సాపు చేసుకోవడమూ అలాంటిదే అనవచ్చా? సగం దూరమే అనగలం. చీర కట్టు ఒకరోజులో మారుతుంది. నల్లజాతి స్త్రీకి గుర్తుగా మార్చింది ఆమె ఒంటి మీది బట్టను కాదు, ఆమె ఒంటినే. పారేసినా అది మళ్లీ మొలుస్తుంది. అందుకే ఆమె చేసే పని బయటికి మహాడ్‌లాగే కనిపించినా, ఎన్నటికీ తీరని పన్నుగా మిగులుతుంది. ఆ పన్ను కట్టేవారిని పిరికివారనడం మాత్రం అన్యాయం. ఇంటి అద్దె కూడా కట్టాలి కదా.

జుట్టు అనిత్యమే కదా, ఇంత రాద్ధాంతమెందుకని మనలో కొందరు అడగవచ్చు. భిక్షుణి తల గొరిగించుకునేది తన నిర్ణయంతో. సంఘంలో అందరి తలలూ ఒకేలా ఉంటాయి. ఒక జాతి స్త్రీలను మాత్రమే జుట్టు వదులుకోమనడం విరాగం కాదు.

మిషెల్ ఒబామా వైట్‌హౌస్‌లో ఉన్న ఎనిమిదేళ్లూ జుట్టు సాపుగానే ఉంచుకుంది. అల్లిన జడలు వేసుకోవాలనిపించినా, అమెరికా అందుకు ఇంకా సిద్ధంగా లేదనుకున్నానని, చర్చ ఆరోగ్య చట్టం మీద కాక తన జుట్టు మీదికి మళ్లకూడదనుకున్నానని 2022లో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తన చిత్రపటం ఆవిష్కరణకు అదే భవనానికి తిరిగి వచ్చినప్పుడు ఆమె తల మీద అల్లిన జడలున్నాయి.