నిరీక్షణ: విలువా, లోటా?

ఇంట్లో సినిమా చూడటానికి వారమంతా ఎదురుచూసిన రోజులను తలచుకొన్నప్పుడు, నలభై దాటినవారి మాటల్లో ఒక ఆర్ద్రత తొణికిసలాడుతుంది. ఆనాటి ఆనందం ఈనాడు లేదన్నది వారి ఫిర్యాదు. సులభంగా దొరికినదానికి విలువ ఉండదనీ, నిరీక్షణ మనిషికి సంస్కారం నేర్పుతుందనీ చెప్పే ఒక నైతిక సిద్ధాంతం ఆ ఫిర్యాదులో ఇమిడి ఉంది. ఆ సిద్ధాంతం ఎంతవరకు నిలుస్తుందో విచారించవలసి ఉంది.

1959లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన టెలివిజన్ ప్రసారాలు 1977లో హైదరాబాదు చేరాయి. రంగుల ప్రసారాలు, జాతీయ కార్యక్రమాలు 1982లో ఆరంభమయ్యాయి. 1990లలో ఉపగ్రహ ఛానళ్లు విస్తరించేవరకు చాలా ఇళ్లకు దూరదర్శన్ ఒక్కటే దిక్కు. శుక్రవారం 'చిత్రలహరి', వారాంతంలో చలనచిత్రం. వీటిని బట్టి వంటలూ చదువులూ ముందే ముగిసేవి. కొందరు వీడియో ప్లేయరును ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకొని, తెల్లవారేదాకా మూడు నాలుగు చిత్రాలు చూసేవారు.

అయితే నిరీక్షణ దానంతటదే మధురమైనది కాదు. చౌకధరల దుకాణం ముందు వరుసలోనో, కచేరీ వసారాలో దరఖాస్తు పట్టుకొనో గడిపిన గంటలను ఎవరూ తీపి జ్ఞాపకాలుగా చెప్పుకోరు. టెలివిజను ముందు కూడా అందరి నిరీక్షణ ఒకటి కాదు. పెట్టె ఉన్న ఇంటివారు కుర్చీల్లో, ఇరుగుపొరుగు పిల్లలు నేలమీద, మరికొందరు కిటికీ అవతల. గడప దాటనివ్వని కులభేదం కొన్నిచోట్ల బొమ్మ ముందు కూడా కరగలేదు. వంటింటికీ ముందుగదికీ నడుమ తిరిగే ఇల్లాలికి కథ ముక్కలుగానే దక్కేది. గృహస్థు మొహం చూసి లోపలికి అడుగుపెట్టవలసిన పిల్లవాడికి అది నిరీక్షణ కన్నా యాచనకే దగ్గర. ఆనాటి కొరతను సద్గుణంగా కీర్తించేటప్పుడు, మనం ఎక్కడ కూర్చొని చూశామో గుర్తుచేసుకోవడం న్యాయం.

దీనికి భిన్నమైన నిరీక్షణ కూడా మన చరిత్రలో ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ఉపగ్రహ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు సామూహిక టెలివిజన్ పెట్టెలు అందాయి. వాటిలో వచ్చినవి ముఖ్యంగా వ్యవసాయం, ఆరోగ్యం, విద్యలకు సంబంధించిన కార్యక్రమాలు. సామాజిక దూరాలు అక్కడా పూర్తిగా తొలగిపోయాయని చెప్పలేం. అయినా ఆ పెట్టె ఎవరి సొంతమూ కాదు. దాని ముందు కూర్చోవడం ఒకరి దయ కాదు, హక్కు. పరుల అనుగ్రహం కోసం పడిగాపులు పడటం వేరు, పదిమందితో సమానంగా ఎదురుచూడటం వేరు. మొదటిది మనిషిని చిన్నబుచ్చుతుంది. రెండవది తన వంతుతోపాటు ఎదుటివారి వంతును కూడా గుర్తించడం నేర్పుతుంది.

మరొక సంగతి. దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ఆదివారం మధ్యాహ్నం వివిధ భారతీయ భాషల చిత్రాలు వచ్చేవి. బెంగాలీ, మలయాళ, అస్సామీ చిత్రాలను తెలుగువారు చూసింది చాలావరకు వేరే కార్యక్రమం లేకనే. అయినా తాము ఎంచుకోని కథలో తమవంటి మనుషులే కొందరికి ఎదురయ్యారు. నేడు అవే చిత్రాలు అనేకం చేతిలోని ఫోనులో కోరినప్పుడు దొరుకుతాయి. కానీ మనం మునుపు చూసినదానికి దగ్గరగా ఉన్నదాన్నే ఆ యంత్రం మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. ఇంట్లో నలుగురుంటే నాలుగు తెరలు.

కనుక మనం పోగొట్టుకొన్నది నిరీక్షణను కాదు, దాని నీడన పెరిగిన రెండు అలవాట్లను: ఇతరుల అభిరుచికి కాసేపు చోటివ్వడం, ఒకే సమయాన్ని కలిసి అనుభవించడం. వీటికోసం కొరతను తిరిగి కోరనక్కరలేదు. గ్రంథాలయంలోనో, పంచాయతీ భవనంలోనో నెలకొకసారి పరభాషా చిత్రాన్ని అందరికీ చూపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అక్కడ మొదటి వరుస ఎవరికీ ప్రత్యేకించకుండా చూడటం మాత్రం నిర్వాహకుల బాధ్యత.