చదివింపుల పుస్తకంలో లేని పేర్లు

పైథాన్‌లో గ్రాఫు గీయాలంటే మనలో చాలామంది ముందు తెచ్చుకునేది మాట్‌ప్లాట్‌లిబ్. పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి పక్కన దాని పేరు రాస్తే చాలు. మనం అడిగేది ఒక్కదాన్నే గానీ, ఈమధ్య వెర్షన్లలో దాంతోపాటు ఇంకో 10 దిగుతాయి. నంపై అంకెల పట్టికల్ని మోస్తుంది. పిల్లో బొమ్మల ఫైళ్లు తెరుస్తుంది. కాంటూర్‌పై సమోన్నత రేఖలు లెక్కగడుతుంది. కివీసాల్వర్ గ్రాఫులోని ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దుతుంది. తేదీలు చూసుకోవడానికి డేట్‌యుటిల్, దాని చంకలో పిల్లలా సిక్స్ అని ఇంకోటి. ఇవి పైకి కనపడేవి. విడిగా దించుకోనక్కర్లేకుండా లోపలే కలిపేసినవి మరికొన్ని ఉంటాయి: అక్షరాల ఆకారాలు తీసే ఫ్రీటైప్, గీతల అంచులు నునుపు చేసే ఏజీజీ.

మా వృత్తిలో వీటిని డిపెండెన్సీలు అంటాం. తెలుగులో ఏమనాలి? ఆధారాలు అంటే మర్యాదగా ఉంటుంది. పరాధీనత అంటే తిట్టులా ఉంటుంది. ఉన్నది ఒకే సంబంధం. అటు నుంచి చూస్తే ఆధారం, ఇటు నుంచి చూస్తే పరాధీనత. ఎవరో ఊరికే ఇచ్చినదాని మీద నిలబడి నేను నెలనెలా జీతం తీసుకుంటున్నాను. మరి నేను ఎవరికైనా బాకీ ఉన్నానా? ఉంటే ఎవరికి? ఎలా తీరుతుంది?

చట్టాన్ని అడిగితే బాకీ ఏం లేదంటుంది. నంపై బీఎస్‌డీ లైసెన్సుతో వస్తుంది. అది చెప్పే సంగతి ఇంచుమించు ఇది: వాడుకో, మార్చుకో, కావాలంటే అమ్ముకో. పని చెయ్యకపోతే మాకు పూచీ లేదు. మేం నిన్ను మెచ్చుకున్నామని మా పేరు వాడి ప్రచారం చేసుకోకు. మా కాపీరైటు నోటీసు మాత్రం తీసెయ్యకు. డబ్బు అడగలేదు, దణ్ణం పెట్టమనలేదు. ఎవరు చేశారో ఆ పేరు ఉండనిమ్మన్నారు, అంతే.

పేరు ఉండనివ్వడం ఎంత పని అనిపించొచ్చు. మా ఊరు ఆమదాలవలస. హౌరా-చెన్నై మెయిన్ లైను మీద ఉంటుంది. జిల్లా కేంద్రం శ్రీకాకుళానికి ఆ లైను మీద సొంత స్టేషను లేదు, రైలెక్కాలన్నా దిగాలన్నా మా ఊరే రావాలి. అయినా మా ఊళ్లో ఉన్న స్టేషను పేరు ‘శ్రీకాకుళం రోడ్’. మోసేది ఒక ఊరు, బోర్డు మీద ఉండేది ఇంకో ఊరు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఇది పెద్ద బాధేం కాదు, అలవాటైపోయింది. బయటివాళ్లకి ఊరు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, ‘అదేనండీ, శ్రీకాకుళం రోడ్ స్టేషను’ అని మా పేరుని పక్కనపెట్టి చెప్తాం.

ఆ స్టేషను కోడు ఇంకా తమాషా. సీహెచ్ఈ. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అన్న రోజుల జాడ. ఆ పేరు వాడుకలోంచి ఎప్పుడో పోయింది, కోడు మాత్రం టికెట్ల మీద తిరుగుతూనే ఉంది. మాట్‌ప్లాట్‌లిబ్ వెంట వచ్చే సిక్స్ కథా అలాంటిదే. ఒకే ప్రోగ్రాము పైథాన్ 2లోనూ 3లోనూ నడవడానికి దాన్ని రాశారు, రెండు మూళ్లు ఆరు కాబట్టి ఆ పేరు. 2020 జనవరి 1తో పైథాన్ 2కి అధికారికంగా మద్దతు ఆగిపోయింది. ఆ తర్వాత కూడా సిక్స్ మన కంప్యూటర్లలోకి దిగుతూనే వచ్చింది. ఒకసారి నలుగురు ఆనుకున్నాక గోడ తీసెయ్యడం గోడ కట్టినవాడి చేతిలో ఉండదు. ఆనుకున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ‘నేనేం అడగలేదు, వాళ్లే ఇచ్చారు’ అన్న వాదన నాకు ఇక్కడే బలహీనంగా కనపడుతుంది. ఇవ్వడం వాళ్ల ఇష్టమే. నేను దాని మీద మేడ కట్టడం మాత్రం నా పని. ఆ మేడ బరువు మళ్లీ వాళ్ల మీదే పడుతుంది.

ఊరికే వచ్చినదానికి లెక్క రాసుకోవడం మనకి తెలియని పనేం కాదు. పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూసే ఉంటారు. ఒకాయన నోటుబుక్కు పెట్టుకుని కూచుంటాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, ఇంత. దాన్ని బీరువాలో భద్రంగా దాస్తారు. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు అది తీసి చూసి, దానికి తగ్గకుండా చదివిస్తారు. బహుమతికి మూడు బాధ్యతలుంటాయని మార్సెల్ మోస్ 1925లో వచ్చిన తన ప్రసిద్ధ వ్యాసంలో అన్నాడు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం. ఆయన పాలినీషియా నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఉదాహరణలు తెచ్చాడు. మన పెళ్లిపందిట్లో కూచున్నా దొరికేవి.

రిక్వైర్‌మెంట్స్ ఫైలు నా దృష్టిలో ఒక చదివింపుల పుస్తకం. ఏ ప్యాకేజీ, ఏ వెర్షను, ఒక్కో వరుసలో ఒక్కోటి. తేడా ఏంటంటే, మనం దాన్ని తిరిగిచ్చే రోజు కోసం రాసుకోం. మన ఇల్లు కూలకుండా ఉండటానికి రాసుకుంటాం. అందులో ప్యాకేజీల పేర్లుంటాయి, మనుషుల పేర్లుండవు.

పోనీ, మనుషుల పేర్లు కనుక్కుని తిరిగిద్దామనుకుంటే ఇంకో చిక్కు. మాట్‌ప్లాట్‌లిబ్ మొదలుపెట్టినవాడు జాన్ హంటర్, న్యూరోబయాలజిస్టు. మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ల మెదడు సంకేతాలని తెర మీద చూడటానికి తనకి కావాల్సిన పనిముట్టు తనే చేసుకున్నాడు, 2003లో అందరికీ విడుదల చేశాడు. 2012 జులైలో సైపై సమావేశంలో ఆ లైబ్రరీ గురించి ప్రసంగించాడు. ఆ వెంటనే క్యాన్సరని తెలిసింది. ఆగస్టు 28న చనిపోయాడు, 44 ఏళ్లకి. ఏజీజీ రాసిన మాక్సిమ్ షెమనారెవ్ 2013లో పోయాడు. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలం మొదటి చిత్రం చూసి లోకమంతా నోరు తెరిచింది కదా, ఆ పరిశోధనలో వాడిన పనిముట్లలో మాట్‌ప్లాట్‌లిబ్ ఒకటి. హంటర్ అది చూడలేదు. ఈ ఇళ్లకి మనం ఏ శుభకార్యానికి వెళ్లి చదివిస్తాం?

హంటర్ పోయినప్పుడు ఆ లైబ్రరీ వాడేవాళ్లు చేసిన పని నాకిష్టం. ఆయన ముగ్గురు కూతుళ్ల చదువు కోసం ఒక నిధి పెట్టి చందాలు వేశారు. అచ్చంగా చదివింపులే. కానీ ప్రతి బాకీకీ అలాంటి దారి దొరకదు. అప్పుడు నాకు ఇంకో పాత లెక్క గుర్తొస్తుంది. పుట్టుకతోనే మనిషికి మూడు ఋణాలుంటాయని తైత్తిరీయ సంహిత అంటుంది: ఋషులకి, దేవతలకి, పితరులకి. ఆ మాట అక్కడ బ్రాహ్మణుడి గురించి చెప్పిందే, అందరి గురించీ కాదు. చదువుని ఒక గుంపుకే కట్టేసిన ఆ హద్దుని నేను ఒప్పుకోను. కానీ ఆ లెక్కలో ఒక కిటుకుంది. ఋషులు ఎప్పుడో పోయారు, వాళ్లకి తిరిగిచ్చేదేం లేదు. ఆ ఋణం చదువుకోవడం వల్ల తీరుతుంది. చదువుకున్నది తర్వాతివాళ్లకి అందించడం వల్ల తీరుతుందని మన పెద్దలు దాన్ని సాగదీశారు. అంటే బాకీ వెనక్కి తీరదు, ముందుకి తీరుతుంది. నాకిచ్చినవాడికి కాకుండా, నా తర్వాత నిలబడాల్సినవాడికి నేను బాకీ.

ముందు ఎవరున్నారు? ఒక కుర్రాడి సంగతి చెప్తాను. మా ఊరి వాడే, డిగ్రీ చదువుతున్నాడు. నాగావళి నీటిమట్టం నెలవారీగా గ్రాఫు గీద్దామనుకున్నాడు. వాళ్ల ల్యాబులో కంప్యూటర్లన్నీ విండోస్ 7. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు, కాబట్టి వాడు 3.8 దగ్గర ఆగాలి. పైథాన్ 3.8 మీద నడిచే చివరి మాట్‌ప్లాట్‌లిబ్ వరస 3.7, కాబట్టి అక్కడా ఆగాలి. ఆ 3.7లోనే గ్రాఫు గీసి, పైన తెలుగులో ‘శ్రీకాకుళం’ అని పెట్టాడు. తెర మీద శకారం పొల్లుతో విడిగా, రీ విడిగా పడ్డాయి. ‘శ్ రీకాకుళం’. సరే అని ఊరి పేరు పెడితే, ‘ఆమదాలవలస’లో దాకి తలకట్టు పోకుండానే దీర్ఘం వచ్చి పక్కన కూచుంది. ‘అన్నా, ఇది తెలుగు కాదు’ అన్నాడు ఫోన్లో.

తెలుగు ఫాంటు ఉంటే సరిపోదు. ఏ అక్షరం కింద ఏ వత్తు వెళ్లాలి, ఏ గుణింతం వస్తే తలకట్టు పోవాలి అన్నది ఇంకొక లైబ్రరీ చెయ్యాలి. హార్ఫ్‌బజ్ అలాంటిది, బ్రౌజర్లలో మన తెలుగు కుదురుగా కనపడేది దానివంటి వాటి వల్లే. మాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి దాన్ని కలుపుకోకుండా నడిచింది. దానికి న్యాయమైన కారణమే ఉంది. ప్రతి కొత్త డిపెండెన్సీనీ విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటి మీదా కట్టి, పరీక్షించి, పాడైతే బాగుచేసేది గుప్పెడు మంది. తక్కువ వాటి మీద ఆధారపడటం మంచి ఇంజినీరింగు అని మాకు నేర్పుతారు. 2016 మార్చిలో ఒకాయన 11 లైన్ల లెఫ్ట్‌ప్యాడ్‌ని వెనక్కి తీసేసుకుంటే ప్రపంచంలో ఎన్నో ప్రాజెక్టులు కట్టడం ఆగిపోయాయి. అది చూసినవాళ్లెవరూ ఆ పాఠాన్ని కాదనరు.

కానీ ఆ సుగుణం ఎవరు నిలబడ్డ చోటు నుంచి సుగుణం? ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన పేర్చితే చాలు. వాళ్లకి కావాల్సింది పునాదిలోనే ఉంది, అందుకే అదనపు ఆధారం అక్కర్లేదు. మన లిపిలో అచ్చు గుర్తుల్ని యూనికోడ్ వాళ్లు అసలు డిపెండెంట్ గుర్తులనే అంటారు. గుడి, కొమ్ము, ఏత్వం ఏవీ సొంతంగా నిలబడవు, హల్లుని పట్టుకుని నిలబడతాయి. వత్తూ అంతే. అవి లేకపోతే మా జిల్లా పేరు రాయలేం. ‘నాకు ఎవరి సాయం అక్కర్లేదు’ అనేవాడి అవసరాలు చాలాసార్లు ముందే ఎవరో తీర్చి పెట్టినవి. స్వావలంబన అని మనం మెచ్చుకునేదాన్ని కాస్త గీకితే లోపల లెక్కలో రాయని ఆధారాలు బయటపడతాయి.

అలాగని మోసేవాళ్లు ఎప్పటికీ అన్నీ మొయ్యాలని నేననను. శాస్త్రీయ పైథాన్ ప్రాజెక్టులు స్పెక్ జీరో అని ఒక ఒప్పందం రాసుకున్నాయి: ఒక పైథాన్ వెర్షనుకి 3 ఏళ్లు, నంపై లాంటి ముఖ్య ప్యాకేజీల వెర్షనుకి 2 ఏళ్లు మద్దతు, ఆ తర్వాత వదిలెయ్యొచ్చు. మా ల్యాబు కుర్రాడికి అది కఠినంగానే ఉంటుంది. కానీ ముందే చెప్పిన హద్దు అది, రాత్రికి రాత్రి తలుపు వేసెయ్యడం కాదు. హద్దు లేకుండా మోస్తే ఏమవుతుందో 2024 మార్చిలో ఎక్స్‌జడ్ సంఘటనలో చూశాం. ఒక్క మనిషి ఏళ్లపాటు జీతం లేకుండా చూసుకున్న ప్రాజెక్టు అది. అలసిపోయానని ఆయన చెప్తూనే ఉన్నాడు. ‘ఇంకెప్పుడు చేస్తారు, చెయ్యలేకపోతే వేరేవాళ్లకి అప్పగించండి’ అని ఒత్తిడి చేస్తూ మెయిళ్లు వచ్చాయి. అవి నకిలీ ఖాతాలని తర్వాత చాలామంది అనుమానించారు. సాయానికి వచ్చినట్టు వచ్చినవాడు నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ వల్ల అది బయటపడింది. ఆ మెయిళ్లు నిజమైన వినియోగదారులవే అనిపించేలా ఉండటం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మనం మామూలుగా మాట్లాడే తీరులోనే ఉన్నాయవి.

వెర్షన్లు బిగించడంలోనూ ఈ నీతి ఉంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు పాతదానితో కట్టిన ప్యాకేజీలు చాలా విరిగాయి. ‘2 కంటే తక్కువ’ అని రాసుకుని ఊపిరి పీల్చుకున్నవాళ్లు బోలెడుమంది. నా సొంత అప్లికేషన్లో అలా రాస్తే నా ఇంటి తలుపు గడియ నేను వేసుకున్నట్టు. పదిమంది వాడే లైబ్రరీలో రాసి వదిలేస్తే కాలవకి అడ్డకట్ట వేసినట్టు. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలవల కింద పండించేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పైన ఎవడో తన మడి కోసం అడ్డం వేస్తే ఎండేది శివారు మడి. వేసినవాడికి ఆ మడి కనపడదు కూడా.

అందుకని బాకీ ఉన్నానా అంటే ఉన్నాననే అంటాను. అది డబ్బుతోనే తీరాల్సిన బాకీ కాదు, కంపెనీల విషయంలో మాత్రం డబ్బు కూడా కావాలి. నేను దేని మీద నిలబడ్డానో పేరు పేరునా తెలుసుకోవడం మొదటిది. ఊరికే ఇచ్చినవాడితో కూలికి పెట్టుకున్నట్టు మాట్లాడకపోవడం రెండోది. మూడోది శివారు వైపు చూడటం: తెలుగు విరిగిపోతోందని విసుక్కుని ఊరుకోకుండా ఏ అక్షరం ఎలా రావాలో, ఎలా వస్తోందో బొమ్మతో సహా రాసి పంపడం, పాత కంప్యూటర్ మీద కూచున్నవాడికి ఏ వెర్షను పనిచేస్తుందో తెలుగులో రాసిపెట్టడం. ఇవేవీ హంటర్‌కి చేరవు. ఆయన ముఖం కూడా చూడని, ఆయన భాష రాని ఒక కుర్రాడు రేపు నాగావళి గ్రాఫు మీద ‘శ్రీ’ని విరక్కుండా చూసుకుంటే, నా లెక్కలో ఆ పద్దు కింద కొంత జమ పడ్డట్టే.