పౌరసత్వ స్వీకారము

పరదేశమున స్థిరపడిన మనవారు ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించుట ధర్మమా, కాదా యను ప్రశ్న నేడు తెలుగు గృహములలో తరచుగా వినవచ్చుచున్నది. కొందరు దీనిని మాతృదేశ ద్రోహమనుచున్నారు. మరికొందరు ఇది కేవలము కాగితముల వ్యవహారమనియు, ఇందు ధర్మాధర్మముల ప్రసక్తియే లేదనియు చెప్పుచున్నారు. ఈ రెండభిప్రాయములును సరికావని మాకు తోచుచున్నది.

మా మిత్రు లొకరు అమెరికా సంయుక్త రాష్ట్రములలో శాశ్వత నివాసులై పండ్రెండేండ్లు గడపిరి. శాశ్వత నివాసము లభించిన ఐదేండ్లకు, అచ్చటి పౌరుని గాని పౌరురాలిని గాని వివాహమాడి కలిసి కాపురము చేయువారికి మూడేండ్లకు, పౌరసత్వమునకై దరఖాస్తు పెట్టుకొనుటకు ఆ దేశపు చట్టము అవకాశమిచ్చును. మా మిత్రులును ఐదేండ్లు నిండగనే ఎన్-400 అను ఆ దరఖాస్తును నింపనారంభించిరి. కాపురమున్న ఇండ్లు, చేసిన ఉద్యోగములు, దేశము వెలుపలికి చేసిన ప్రయాణములు, అన్నియు వరుసగా వ్రాసిరి. కడపట, విధేయతా ప్రమాణము చేయుటకు సమ్మతింతువా యను ప్రశ్న వచ్చెను. అచ్చట చేయి ఆగిపోయెను. ఏడేండ్లు ఆ దరఖాస్తు సగములోనే నిలిచియుండెను.

"మా అమ్మ తెనాలిలో నుండగా ఈ మాట నా నోట నెట్లు వచ్చును?" అని వారు మమ్ము ప్రశ్నించిరి.

ఈ సంకోచమును మేము పరిహసింపలేదు. ప్రమాణపు మాటలు తేలికయైనవి కావు. పూర్వము తాను విధేయుడై యున్న పరరాజ్యముతోడి విధేయతను పూర్తిగా విడిచితిననియు, ఈ దేశపు రాజ్యాంగమును చట్టములను కాపాడుదుననియు, చట్టము కోరినప్పుడు ఆయుధము పట్టి యైనను మరియొక విధముగ నైనను సేవ చేయుదుననియు, మనసులో ఏ మరుగును ఉంచుకొనక స్వేచ్ఛగా పలుకవలెను. ఇటు మన దేశమున 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము, స్వచ్ఛందముగా అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవాని భారత పౌరసత్వము అంతటితో ముగియును. 2005 నుండి లభించుచున్న ఓసీఐ కార్డు వలన రాకపోకలకు, నివాసమునకు వెసులుబాటు కలదే కాని వోటు లేదు. వారసత్వముగా వచ్చినది తప్ప వ్యవసాయ భూమిని కొనుటకు వీలులేదు. ఒక మనుజుని రాజకీయ జీవితమునే మార్చు ఈ కార్యమును కాగితపు వ్యవహారమనుట ఎట్లు చెల్లును?

అట్లయిన ఇది ద్రోహమగునా? ఈ ప్రశ్నకు సమాధానము మా కంటె ముందుగా మిత్రుల భార్యయే చెప్పెను. ఆమె ప్రక్కనే కూర్చుండి మా సంభాషణ నంతయు వినుచుండెను. "ఏమండీ, నేను ఇంటిపేరు మార్చుకొని మీ ఇంటికి వచ్చిననాడు మా అమ్మయు బ్రతికియే యున్నది గదా! నీకు సమ్మతమేనా యని ఆనాడు నన్ను ఒక్కరైనను అడుగలేదు. మిమ్ములను అడుగుచున్నారు. అందుకు సంతసింపుడు" అనెను.

ఈ మాటలో ఎంతయో సత్యము కలదు. పురుషుడు నలువదియవ ఏట మొదటిసారిగా ఎదుర్కొని తల్లడిల్లుచున్న సంకటమును మన ఆడుబిడ్డలు తరతరములుగా పెండ్లినాడే అనుభవించుచున్నారు. మెట్టినింటి బరువును మోయుచు పుట్టినింటిని ప్రేమించు స్త్రీని ద్రోహిణి యని లోకమెన్నడును అనలేదు. ప్రమాణము కోరునది విధేయతను, మమకారమును కాదు. మాతృభాషను మరువుమనియు, తల్లికి పైకము పంపవలదనియు అందు ఎచ్చటను లేదు. అయితే మెట్టినిల్లు సత్రము కారాదు. ప్రయాణములకు వీసాల బాధ తప్పుననియో, ఉద్యోగము నిలుచుననియో మాత్రమే తలచి, ఆ దేశపు మేలుకీడులతో తనకు నిమిత్తము లేదనుకొనుచు ప్రమాణము చేయువాడు, చేయెత్తి అబద్ధమాడినవాడే యగును.

ఇంక శాశ్వత నివాసిగనే ఉండిపోవుటలో దోషము లేదా యని విచారింతము. అట్టివాడు పౌరునివలెనే పన్ను చెల్లించును. పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల వరకు వయసుగల పురుషుడైనచో, సైనిక సేవకు పిలువదగినవారి పట్టికలో వాని పేరును చేరవలసినదే. కాని ఆ యుద్ధము కూడదని చెప్పుటకు దేశపు ఎన్నికలలో వానికి వోటు లేదు. తన బిడ్డలు చదువు బడులను, తాను నడచు వీధులను పాలించు చట్టములు తన మాట లేకయే పుట్టుచుండును. ఏడాది రెండేండ్లు ఇట్లుండుట సహజము. అర్హత కలిగియు, ఆ దేశముననే కన్ను మూయనెంచియు, జీవితాంతము ఇట్లే యుండుట, ఊరి చెరువు నీరు త్రాగుచు పూడిక తీయునాడు ఇంట నుండిపోవుటవంటిది.

ఈ తలుపు మనవారికి సులభముగా తెరువబడినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సేనలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో, 1923లో ఆ దేశపు సుప్రీం కోర్టు, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. భార్యతోను ముగ్గురు కుమారులతోను 1915లో శాన్ ఫ్రాన్సిస్కో చేరి, 1921లో పౌరుడైన వైష్ణోదాస్ బగాయి పౌరసత్వము ఆ తీర్పు ఫలితముగా రద్దయ్యెను. తనదని చెప్పుకొనుటకు దేశమే లేనివాడై ఆయన 1928లో ప్రాణత్యాగము చేసికొనెను. 1946లో లూస్-సెల్లర్ చట్టము భారతీయులకు ఈ హక్కు నిచ్చిన పిదప ఆయన భార్య కళా బగాయి పౌరురాలయ్యెను. అంతటి మూల్యముతో లభించిన హక్కును సోమరితనముచేత విడిచిపెట్టుట తగదు.

అయినను పౌరసత్వమే మనుజుని విలువకు కొలబద్ద కాదు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు ఆ దేశముననే యుండి మందుల పరిశోధనకు జీవితమును ధారపోసి, పౌరుడు కాకయే 1948లో మరణించెను. ఆయన సేవకు ఏ పత్రమును అవసరము లేకపోయెను. కావున మనస్సాక్షి యొప్పక ప్రమాణము చేయనివానిని మేము నిందింపము. నిర్ణయమే చేయక సంవత్సరములు దొరలించుటనే మేము తప్పనుచున్నాము.

గృహిణులకు వేరుగా ఒక మాట చెప్పవలసియున్నది. 1907 నాటి అమెరికా చట్టమొకటి, పరదేశీయుని పెండ్లాడిన తమ దేశపు స్త్రీకి పౌరసత్వమే లేకుండ చేసెను. భర్త దేశమే భార్య దేశమని దాని భావము. 1922లో ఆ నియమమును చాలవరకు సవరించిరి. నేడు ప్రతి స్త్రీయు తన దరఖాస్తును తానే పెట్టుకొని, అధికారి ప్రశ్నలకు తానే ఉత్తరమిచ్చి, తన ప్రమాణమును తానే చేయవలెను. కావున భర్త నింపిన దరఖాస్తుపై సంతకము మాత్రము చేసి ఊరకుండక, అందలి ప్రతి ప్రశ్నను చదివి, సమ్మతమో కాదో ఆమెయే తేల్చుకొనవలెను. శాశ్వత నివాసులై, పదునెనిమిదేండ్లు నిండక, తలిదండ్రుల యొద్ద పెరుగుచున్న బిడ్డలకు, ఆ యిరువురిలో ఒకరు పౌరులైనంతనే పౌరసత్వము దానంతట వచ్చును. వారి నెవరును ప్రశ్నింపరు. తాము విడిచినదేమో, స్వీకరించినదేమో ఆ బిడ్డలకు తెలియజెప్పుట తలిదండ్రుల విధి.

మా మిత్రులు ఆ రాత్రి తెనాలికి ఫోను చేసి తల్లితో సంగతి యంతయు చెప్పిరి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అక్కడ వోటు వేయుదువా?" అని యడిగినదట. వేయుదునని వారనిరట. "అట్లయిన మంచివానికి వేయుము" అని ఆమె చెప్పినదట. మరునాడు భార్యాభర్తలు ఒకే బల్ల కడ కూర్చుండి, ఎవరి దరఖాస్తును వారు ముగించిరి.