ఫోర్‌స్టర్ నవలల్లో స్నేహసమస్య

పాలించేవాడికీ పాలింపబడేవాడికీ మధ్య స్నేహం సాధ్యమా? ఈ ప్రశ్న వేసుకుని, తొందరపడి సమాధానం చెప్పకుండా ఒక నవల పొడుగునా దానితో పెనుగులాడిన ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫోర్‌స్టర్. 1905 నుండి 1924 వరకు అయిదు నవలలు ప్రచురించాడు. ఆ తరువాత 1970లో చనిపోయేదాకా మరో నవల వెలువరించలేదు. ఆయన వాక్యం వర్జీనియా ఉల్ఫ్ వాక్యంలా మనస్సు లోపలి పొరల్లోకి పాకదు. పాత కాలపు నవలలాగా నెమ్మదిగా, మర్యాదగా నడుస్తుంది. అందువల్ల ఆయనను ఆధునికుల పంక్తిలో కూర్చోబెట్టడానికి కొందరు సందేహిస్తారు. నాకు ఆ సందేహం లేదు. 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మరబార్ గుహలో ఏమి జరిగిందో రచయిత కడదాకా చెప్పడు. పాఠకుడికి ఆ ఆధారం కూడా దక్కనివ్వని ధైర్యం పాతవాళ్ళకు లేదు.

ఈ నవల మనకు అంత దూరమైనది కాదు. 1924లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఫోర్‌స్టర్ అంకితమిచ్చింది సయ్యద్ రాస్ మసూద్‌కు, వారి పదిహేడేళ్ళ స్నేహానికి. మసూద్ 1916 నుండి 1928 వరకు హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం రూపొందడంలో ముఖ్యుడు. నవలలోని చివరి ఘట్టానికి మూలమైన సంఘటన కూడా నిజాం రాజ్యంలోనిదే. 1913లో ఔరంగాబాదులో ఫోర్‌స్టర్, మసూద్ మిత్రుడైన ఒక యువ మున్సిఫుతో గుర్రపు స్వారీ చేస్తున్నాడు. ఆ మున్సిఫు ఉన్నట్టుండి తెల్లవాళ్ళమీద విరుచుకుపడి, ఎన్ని సంవత్సరాలు పట్టినా మిమ్మల్ని వెళ్ళగొట్టి తీరుతామన్నాడట. అతిథిగా వచ్చిన ఇంగ్లీషువాడు ఆ మాటకు నొచ్చుకోలేదు, డైరీలో రాసుకున్నాడు. పదకొండేళ్ళ తరువాత ఆ మాటే డాక్టర్ అజీజ్ నోట పలికింది.

కథ చాలామందికి తెలిసినదే. అజీజ్‌మీద తెల్లపిల్ల అడేలా నింద మోపుతుంది. కాలేజీ ప్రిన్సిపాలు ఫీల్డింగు ఒక్కడే తనవాళ్ళను కాదని అజీజ్ పక్షాన నిలబడి క్లబ్బుకు రాజీనామా ఇస్తాడు. కోర్టులో అడేలా తన మాట వెనక్కి తీసుకుంటుంది, అజీజ్ విడుదలవుతాడు. విమర్శకులు సాధారణంగా ఇక్కడి నుండి తిన్నగా చివరి స్వారీకి గెంతుతారు. నాకు మాత్రం అసలు నవల విడుదల తరువాతనే మొదలవుతుందనిపిస్తుంది. తనకు జరిగిన అవమానానికి అజీజ్ పెద్ద మొత్తం నష్టపరిహారం కోరతాడు. అది అతని హక్కు. అప్పుడు ఫీల్డింగు వచ్చి, ఆ పిల్ల నిజం చెప్పడానికి ఎంత తెగించిందో చూడు, ఉదారంగా వదిలిపెట్టు అని బతిమాలతాడు. అజీజ్ వదిలిపెడతాడు. ఆ తరువాత పశ్చాత్తాపపడతాడు, అనుమానపడతాడు, స్నేహం విరిగిపోతుంది.

ఇక్కడ ఫోర్‌స్టర్ చూపించినది చాలా లోతైన విషయం. ఫీల్డింగు మంచివాడు, అందులో సందేహం లేదు. అతడు కూడా తన వంతు చెల్లించాడు. కాని అతడు చెల్లించినది క్లబ్బు సభ్యత్వం. కొంతకాలానికి తన జాతిపిల్లనే పెళ్ళాడి మళ్ళీ ఆ గూటికే చేరుకోగలిగాడు. అజీజ్ చెల్లించినది తనకు రావలసిన న్యాయం. ఎక్కువ తక్కువలున్న చోట స్నేహం పేరుతో ఉదారత కావలసివచ్చినప్పుడల్లా ఆ ఉదారత తక్కువవాడి సంచిలోనుంచే తీయిస్తారు. మన ఊళ్ళ పంచాయితీలు చూసినవాళ్ళకు ఇది వింత కాదు. "పోనీలేరా, మనోడే కదా" అనే మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే చెబుతారు.

1910 నాటి 'హోవర్డ్స్ ఎండ్'లోనూ ఇంతే. చదువుకున్న అక్కచెల్లెళ్ళు లియొనార్డ్ బాస్ట్ అనే గుమస్తాను ఆదరిస్తారు. ఒక ధనికుడి నోటి మాట నమ్మి అతనికి సలహా ఇస్తారు; అతడు ఉద్యోగం మారి, ఉన్నదీ పోగొట్టుకుంటాడు. సలహాకు మూలమైన ధనికుడు తనకేం బాధ్యత లేదంటాడు. అతి పేదలతో తనకు పని లేదని ఆ నవలలో రచయిత ముందే చెప్పుకున్నాడు కూడా. ఆ ఒప్పుకోలు నిజాయితీయా, తప్పించుకోవడమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ అతి పేదవాడు 'పాసేజ్'లో ఒకచోట కనిపిస్తాడు. కోర్టులో పంకా లాగేవాడు. అతణ్ణి దేవతలా అందమైనవాడుగా వర్ణించాడు రచయిత. అజీజ్ గెలిచినా, అడేలా ఓడినా, అందరూ లేచిపోయినా ఆ మనిషి తాడు లాగుతూనే ఉంటాడు. అతనితో స్నేహం సంగతి ఫీల్డింగుకూ తోచలేదు, అజీజ్‌కూ తోచలేదు. ఫోర్‌స్టర్‌కు ఆ మనిషి కనిపించాడు గాని వినిపించలేదు.

వినిపించకపోవడానికి మరో ఉదాహరణ అదే కాలంలో హైదరాబాదులోనే ఉన్నది. 1921 నవంబరులో నగరంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ జరిగింది. ఫోర్‌స్టర్ ఆ ఏడాది చివరి వారాలు గడిపినది అదే నగరంలో, మసూద్ ఇంట. సంస్థానంలో అధికసంఖ్యాకుల భాషకు జరిగిన ఈ అవమానం ఆయన నవలలోకి రాలేదు. రావాలని నేను అనను. ఏ రచయితా అన్ని గోడలకూ చెవి ఆనించలేడు. కాని తెల్లవాడి క్లబ్బులో చోటు దొరకని అజీజ్‌ల సభలో తెలుగువాడికి చోటు లేకపోయిందన్నది మనం మరచిపోగూడదు.

ఇంతవరకు చెప్పి, ఫోర్‌స్టర్ బూర్జువా మానవతావాది అని ముద్ర కొట్టి పక్కన పెట్టడం తేలిక. మనవాళ్ళు అలా చేసిన సందర్భాలూ ఉన్నాయి. దేశానికి ద్రోహం చేయాలో మిత్రుడికి ద్రోహం చేయాలో తేల్చుకోవలసివస్తే మిత్రుణ్ణి వదలని ధైర్యం తనకుండాలని 1938లో ఆయన రాస్తే, వ్యక్తివాదమని నవ్వినవాళ్ళున్నారు. కాని ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్'ను ఎందరో ప్రచురణకర్తలు తిరగగొట్టినప్పుడు 1935లో ముందుమాట రాసి నిలబెట్టినది ఈ మనిషే. అదే సంవత్సరం పారిస్‌లో ఫాసిజానికి వ్యతిరేకంగా రచయితలు సమావేశమైనప్పుడు వెళ్ళి మాట్లాడినదీ ఈ మనిషే. మరి సిద్ధాంతం పేర నిన్నటి మిత్రుణ్ణి ఒక్క తీర్మానంతో వెలివేసి, మర్నాడు వీధిలో పలకరించకుండా పోయిన చరిత్ర మనలో లేదా? అప్పుడు మనం న్యాయం చేస్తున్నామనే అనుకున్నాం. స్నేహాన్ని అడ్డం పెట్టుకుని న్యాయాన్ని ఎగగొట్టడం ఎంత తప్పో, న్యాయం చేతికందిందని స్నేహాన్ని నరకడమూ అంతే తప్పు. ఫీల్డింగు చేయవలసింది అజీజ్‌తో స్నేహం మానుకోవడం కాదు. ఆ పరిహారం వదిలెయ్యమని అడగకపోవడం. అంతే. ఆ చిన్న పని ఎంత కష్టమో నవల చదివితే తెలుస్తుంది.

నవల చివర, ఇప్పుడే మనం ఎందుకు స్నేహితులం కాలేమని ఫీల్డింగు అడిగితే, మనుషులకంటే ముందు గుర్రాలూ నేలా వద్దంటాయి. నేల ఎందుకు వద్దంటుందో శంకర్‌పల్లి చుట్టుపక్కల తిరిగితే బోధపడుతుంది. ఇది వాడి నుండి హైదరాబాదు వచ్చే రైలుదారిలో, నగరానికి సుమారు 40 కిలోమీటర్ల పడమట ఉన్నది. 1949లో జాగీర్లు రద్దయినాయి. దొరల గడీలు పోయినాయి. ఇప్పుడు జొన్నచేల చోట ప్రహరీలు లేచి, ఫారంహౌసులు వెలిశాయి. అటువంటి ఒక తోట గేటు దగ్గర కాపలాదారుతో కొంతసేపు మాట్లాడాను. ఆ రెండెకరాలు ఒకప్పుడు అతనివే. కూతురి పెళ్ళి అప్పుకు అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళనుంచి మరొకరు, వారినుంచి ఇప్పటి యజమాని కొన్నారు. యజమానిమీద అతనికి ఏ కోపమూ లేదు.

"మా సారు మస్తు మంచోడు. నన్ను తమ్మీ అనే పిలుస్తడు. వచ్చిన్నాడు ఇద్దరం ఒక్కతాన్నే కూసోని తింటం" అన్నాడు.

"నువ్వు ఆయన్ను అన్నా అని పిలుస్తవా?" అని అడిగాను.

అతడు నావైపు వింతగా చూశాడు. "అట్లెట్ల పిలుస్త సారూ?" అని గేటు మూయడానికి లేచాడు.