రంగం దారిలో దింపిన మూటలు

కలిదిండి అనే ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక రాగి శాసనం వల్ల. పదకొండో శతాబ్దంలో పశ్చిమ చాళుక్య సేనతో జరిగిన పోరులో, రాజరాజ నరేంద్రుడికి సాయంగా వచ్చిన చోళ సేనానులు ముగ్గురు నేలకొరిగారు. వాళ్ళ పేరు నిలవాలని రాజు ఇక్కడ శివాలయాలు కట్టించాడు, దానమిచ్చాడు, సంగతంతా రేకుల మీద చెక్కించాడు. రంగం నుంచి, అంటే బర్మా నుంచి, 1942లో నడిచి వస్తూ దారిలో పడిపోయిన మన జనం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రేకులే గుర్తొస్తాయి.

కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగం పోవడం కోస్తా జిల్లాల్లో తరాల పాటు సాగిన బతుకుతెరువు. వరి కోతలు, రైస్ మిల్లులు, రేవులో మూటలు మోసే పని. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ సేన చేతిలోకి పోయింది. ఓడలో చోటు దొరకనివాళ్ళు నడక మొదలుపెట్టారు. కొందరు తౌంగూప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, కొందరు తమూ మీదుగా మణిపూర్‌కు, వెనకబడ్డవాళ్ళు హుకాంగ్ లోయ, పాంగ్‌సౌ కనుమ దాటి అస్సాంలోని లీడోకు. లక్షల మంది. చనిపోయినవాళ్ళు 10 వేలని ఒకరు, 50 వేలని ఒకరు, ఇంకా ఎక్కువని మరొకరు అంటారు. అంత తేడా ఉందంటే ఎవరూ సరిగా లెక్కపెట్టలేదనే నా నమ్మకం.

మే నెలలో వానలు దిగాక హుకాంగ్ దారి బురదగుండమైంది. కలరా, మలేరియా, ఆకలి. ఆ ఏడాది చివర లీడో రోడ్డు వేయడానికి వెళ్ళినవాళ్ళకు బాట పక్కన అస్థిపంజరాలు, వాటి చుట్టూ సామాను కనిపించాయి. రోడ్డు యుద్ధం కోసం. ఆగి ఏరి దాచే తీరిక ఎవరికీ లేదు.

నా ఆలోచన ఎప్పుడూ ఆ సామాను దగ్గరే ఆగిపోతుంది. కొల్లేరు పొంగినప్పుడు లంక గ్రామాల్లో ఏది ముందు గట్టు మీదికి చేర్చాలో ఇంటి ఆడవాళ్ళు క్షణంలో తేల్చేస్తారు: బియ్యం, పట్టా పుస్తకం, పసిపిల్లల బట్టలు. నీళ్ళు తీశాక మిగిలినవాటి కోసం మళ్ళీ వస్తారు. కనుమ ఎక్కేవాళ్ళకు ఆ మళ్ళీ రావడం లేదు. దింపిందల్లా శాశ్వతంగా దింపినట్టే. ముందు బరువైనవి దిగి ఉంటాయి, బిందెలు, పెట్టెలు. తర్వాత పక్కబట్టలు. వండడానికి ఏమీ మిగలనప్పుడు గిన్నె కూడా. అందుకే ఏ మలుపు దగ్గర ఏది పడి ఉందో ఎవరైనా రాసుకుని ఉంటే, ఏ రోజుకు ఏ ఆశ వదులుకున్నారో తెలిసేది. చదువు రానివాళ్ళు కూడా ఆ దారిలో తమ సంగతి అలా చెప్పిపోయారు. వానకు గుడ్డ, కాగితం కుళ్ళిపోయాయి.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో జేసన్ డి లియోన్ అనే మానవశాస్త్రవేత్త అలా రాసిపెట్టే పని చేశాడు. మెక్సికో సరిహద్దు దాటేవాళ్ళు వదిలిన వీపుసంచులు, బూట్లు, ఎండకు తళుక్కుమనకుండా ఉండే నల్ల నీళ్ళ సీసాలు ఏరించి, పురావస్తువుల్లాగే నమోదు చేయించాడు. అదంతా చెత్త అనేవాళ్ళు అక్కడ ఉన్నారు. చెత్త అన్నాక వదిలినవాళ్ళ గురించి అడగక్కర్లేదు, ఆ మాటతో వచ్చే సౌకర్యం అదే. నేను మాత్రం దాన్ని సాక్ష్యమే అంటాను.

పాంగ్‌సౌ దారిలో ఏరడానికి ఇప్పుడు కాలం మించిపోయింది. మిగిలింది ఇళ్ళలో ఉన్నదే. గోదావరి జిల్లాల్లో, విశాఖలో, శ్రీకాకుళం వైపు రంగం నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకున్నాక, బంగారం కూడా వదిలి ఓడెక్కినవాళ్ళ పిల్లలూ ఉన్నారు. మీ అటక మీద బర్మా లక్కపెట్టె గానీ, పాత కాగితం గానీ ఉంటే దించి తుడవండి. ఎవరు తెచ్చారు, ఏ దారిన వచ్చారు, ఏమేం వదిలేశామని చెప్పేవారు, ఎవరు దారిలో ఆగిపోయారు, పెద్దవాళ్ళను అడిగి రాసి, ఆ కాగితం ఆ వస్తువుతోనే ఉంచండి. పేర్లు మాత్రం తప్పకుండా రాయండి.