రాయికి లేని పెద్దరికం

నగర్తపేటలో ఉండే తెలుగువాళ్ళకు ఒక ప్రశ్న తప్పదు: "మీరు ఎప్పుడు వచ్చారు?" కొందరు ఊరికే అడుగుతారు. కొందరి గొంతులో వేరే అర్థం ఉంటుంది. మనవాళ్ళు వెంటనే తాతముత్తాతల లెక్క తీస్తారు. తరాలు పెరిగినకొద్దీ హక్కు గట్టిపడుతుందని మన నమ్మకం. అది నిజమేనా?

ఈమధ్య లాల్‌బాగ్ బండ ఎక్కినప్పుడు ఈ లెక్క మీదికే నా మనసు పోయింది. మా పేట నుంచి అది నడిచి వెళ్ళే దూరమే. రాష్ట్ర ఉద్యానశాఖ చూసుకునే 240 ఎకరాల తోటలో, కెంపేగౌడ గోపురాన్ని నెత్తిన పెట్టుకుని ఉన్న ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి అది. ఈ జాతి రాతికి 1916లో మైసూరు భూగర్భశాఖకు చెందిన స్మీత్ 'పెనిన్సులర్ నైస్' అని పేరు పెట్టాడు. దీని ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు.

ముందు వచ్చినవాడిదే ఊరు అంటే ఈ ఊరు రాయిదే. అడిగేవాళ్ళూ, జవాబు చెప్పేవాళ్ళూ అందరూ కొత్తవాళ్ళే. ఈ మాట వినడానికి హాయిగానే ఉంది. కాని నాకు తృప్తి కలగలేదు. తన ఊళ్ళో తన భాష వినబడకుండా పోతుందేమోనని దిగులుపడే కన్నడిగుడికి 300 కోట్ల ఏళ్ళ కథ చెప్పడం జవాబు కాదు, తప్పించుకోవడం. రాయికి భాషా లేదు, దిగులూ లేదు. మనుషులకు రెండూ ఉన్నాయి.

నాకు జవాబు బండ చుట్టూ ఉన్న తోటలో దొరికింది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోటకు టిప్పు పరదేశాల నుంచి మొక్కలు తెప్పించాడు. జర్మనీలో పుట్టిన క్రుంబీగల్ ఏళ్ళ తరబడి దీన్ని తీర్చిదిద్ది, 1956లో బెంగుళూరులోనే కన్నుమూశాడు. ఆయన ఎప్పుడు వచ్చాడన్నది ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఏం పెంచాడో కళ్ళ ముందు ఉంది.

మా పేటలోనూ ఇలాంటి పాఠం ఉంది. ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ, తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి గాని ముందుకు సాగదు. అక్కడ ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క లేదు. ఒకరి గడప దగ్గర ఒకరు ఆగడం ఉంది.

ఒక చోట హక్కు వచ్చిన తేదీ వల్ల రాదు, వచ్చాక చేసిన పని వల్ల వస్తుంది. ఇంట్లో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం మన పని. వీధిలో కన్నడం చక్కగా మాట్లాడడమూ మన పనే. ఒకటి చేసి రెండోది మానితే లెక్క సరిపోదు. మీరేం చేశారని అడిగే హక్కు ఈ ఊరివాళ్ళకు ఉంది. చేసింది చూశాక, ఇంకా పరాయివాళ్ళు అనకుండా ఉండే బాధ్యత కూడా వాళ్ళకు ఉంది.